హాకీ డిఫెన్స్‌లో స్టిక్ కంటే ముందు కాళ్ళు: నా అనుభవం

హాకీలో డిఫెండర్ అంటే బంతి లాక్కునేవాడని పేరు పడిపోయింది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేదీ అప్పుడే. డిఫెన్స్ బాగుచేసుకుందామని పనిగట్టుకుని సాధన చేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ట్యాకిల్ ఆఖరి పని. అంతకుముందే ఎదుటి ఫార్వర్డ్ వేగం తగ్గించాలి, అతనికున్న దారుల్లో ఒకటో రెండో మూసెయ్యాలి, మిగిలిన దారి మనకు అనువైన వైపు ఉండేలా చూసుకోవాలి. ఇవి కుదిరితే బంతి తీసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. కుదరకపోతే ఎంత చక్కటి ట్యాకిల్ అయినా లాటరీయే. ఈ మూడు పనులూ చేసేది కాళ్ళు. స్టిక్ వంతు ఆ తరవాత.

సాధన నడిచిన వరసలోనే రాస్తున్నాను. హాఫ్, ఫుల్ బ్యాక్ స్థానాల్లో ఆడేవాళ్ళకు పనికొచ్చే సంగతులే ఇందులో ఉంటాయి. గోల్‌కీపింగ్ వేరే శాస్త్రం, దాని జోలికి పోవడం లేదు.

ముందు ఒక నోటుబుక్

మొదట చేసింది మ్యాచ్ వీడియో తీయించడం. గోల్ వెనక కంచెకు ఫోన్ కట్టినా చాలు. ఎంత ఎత్తులో కడితే అంత మేలు, ఎందుకంటే నేలమట్టంలో తీసిన వీడియోలో మనిషికీ మనిషికీ మధ్య ఎడం తెలియదు. తరవాత తీరిగ్గా చూస్తూ, ఫార్వర్డ్‌కి ఎదురుపడిన ప్రతిసారీ ఏం జరిగిందో నాలుగు గడుల్లో గీత పెట్టుకుంటూ పోయాను: బంతి దక్కింది, ఆట ఆగింది, ఫౌల్ అయింది, దాటిపోయాడు. రెండో గడి చాలామంది వేసుకోరు. ఫార్వర్డ్ వెనక్కి పాస్ ఇవ్వాల్సి వచ్చినా, మూడు సెకన్లు అక్కడే తచ్చాడినా అది డిఫెండర్ గెలుపే. ఆ మూడు సెకన్లలో మనవాళ్ళు ఇద్దరు వెనక్కి చేరిపోతారు. గీత పక్కనే ఎక్కడ జరిగిందో కూడా రాయాలి: 23 మీటర్ల గీతకు (గోల్ ఉన్న గీత నుంచి అంత దూరంలో ఉండేది) బయటా, లోపలా, లేక డీ (గోల్ ముందున్న అర్ధవృత్తం) లోనా. మన కుడిపక్కా, ఎడమపక్కా.

ఈ పట్టిక ముందు పెట్టుకుంటే దేనిమీద పనిచెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరి పట్టిక చూసినా ‘దాటిపోయాడు’ గడి నిండేది రెండు చోట్ల. ఒకటి, డిఫెండర్ దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఆగలేకపోయినప్పుడు. రెండు, ఎడమవైపు.

నిలబడడం, దగ్గరికి వెళ్ళడం

పాదాల మధ్య భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ ఎడం ఉండాలి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి. పాదాలు రెండూ ఒకే వరసలో పెట్టి నిలబడితే బంతి కాళ్ళ సందులోంచి పోతుంది, లేదా కాలికి తగిలి ఫౌల్ అవుతుంది. బరువు మడమల మీద కాదు, వేళ్ళ వెనకాల మెత్తటి భాగం మీద. మోకాళ్ళు వంచి తుంటి కిందికి దించాలి. మోకాళ్ళు నిటారుగా ఉంచి నడుం వంచేవాళ్ళకి రెండు నష్టాలు: తల కిందికి వాలి బంతి తప్ప ఇంకేమీ కనిపించదు, రెండో అర్ధభాగానికల్లా నడుం పట్టేస్తుంది. ఎడమ చెయ్యి స్టిక్ కొసన, కుడి చెయ్యి గ్రిప్ అడుగున, స్టిక్ తల నేలకు జానెడు లోపు.

చూపు బంతి మీదే ఉండాలి. ఫార్వర్డ్ భుజం, తల, కళ్ళు అన్నీ అబద్ధం చెబుతాయి. బంతి చెప్పదు.

ఈ భంగిమ నిలబడి నేర్చుకునేది కాదు, కదులుతూ నేర్చుకోవాలి. 30 సెకన్లు అదే ఎత్తులో పక్కకీ వెనక్కీ కదలడం, 30 సెకన్లు విశ్రాంతి, ఇలా ఆరు విడతలు. పక్కకి జరిగేటప్పుడు కాళ్ళు ఒకదాన్నొకటి దాటకూడదు, దాటిన క్షణంలోనే మంచి ఫార్వర్డ్ దిశ మారుస్తాడు. వెనక్కి నడవడం రెండు మూడు అడుగులకే పనికొస్తుంది. ఆపైన అతని పరుగుకు మన వెనకడుగు చాలదు, తుంటి తిప్పి అతని పక్కన పరుగందుకోవాలి. కుడివైపు తిరగడం అందరికీ వస్తుంది. ఎడమవైపు తిరిగేటప్పుడు ఒక అడుగు వృథా అవుతుంది. జతగాణ్ణి ఎదురుగా నిలబెట్టి, అతను ఏ చెయ్యి చూపిస్తే ఆ వైపు తిరిగి ఐదు మీటర్లు పరుగెత్తడం దీనికి మందు. చేతగాని వైపు రెండింతలు చెయ్యాలి.

దగ్గరికి వెళ్ళడం అసలు సమస్య. ఖాళీ దొరికిన ఫార్వర్డ్ మీదికి వేగంగానే పోవాలి, కానీ అదే వేగంతో చేరకూడదు. నేను పెట్టుకున్న కొలత ఇది: 10 మీటర్ల దూరం నుంచి బయలుదేరితే మొదటి ఐదు మీటర్లు పూర్తి పరుగు, తరవాత చిన్న చిన్న అడుగులతో వేగం చంపుకుంటూ, అతనికి రెండు స్టిక్‌ల దూరంలోకి వచ్చేసరికి మన బరువు వెనక్కి కదలడానికి సిద్ధంగా ఉండాలి. అక్కణ్ణుంచి అతను ముందుకొచ్చే వేగంలోనే మనం వెనక్కి. సాధనకి మూడు కోన్లు చాలు. ఒకటి మొదలు, ఒకటి ఐదు మీటర్ల దగ్గర, ఒకటి ఎనిమిది దగ్గర. రెండో కోన్ దాటగానే బ్రేకు, మూడోది చేరేసరికి వెనకడుగు. మొదట బంతి లేకుండా, తరవాత బంతితో జతగాడు ఎదురొచ్చేలా. ఆగినప్పుడు మడమ గట్టిగా నేలకు తగిలిన చప్పుడు వినిపిస్తే ఆ అడుగు పెద్దదైపోయిందని అర్థం.

దారి మనమే చూపించడం

ఎదురెదురుగా నిలబడితే ఫార్వర్డ్‌కు బలమైన ఫోర్‌హ్యాండ్ వైపు మనకు ఎడమపక్క అవుతుంది. మన ఫోర్‌హ్యాండ్ వైపు, అంటే కుడిపక్క, అతనికి రివర్స్, అంటే స్టిక్ తిప్పి ఆడాల్సిన ఎడమపక్క. అందువల్ల అతణ్ణి మన కుడిపక్కకు తోలితే మనకు రెండు చేతుల బలం, అతనికి రివర్స్ స్టిక్ కష్టం. దీనికోసం బంతికి సూటిగా ఎదురుగా కాకుండా సగం మనిషి వెడల్పు మన ఎడమవైపు జరిగి, ఎడమ కాలు ముందు పెట్టి నిలబడాలి. అతనికి తేలికైన దారి మూసుకుపోయి కుడివైపు దారి తెరిచినట్టు కనిపిస్తుంది. తుంటి అప్పటికే ఆ వైపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి అతను కదిలితే మనమూ కదులుతాం.

జరగడం మరీ ఎక్కువైతే తెరిచిన దారి వీధి అయిపోతుంది, దానిలోంచి పాస్ వెళ్ళిపోతుంది. తక్కువైతే అతను ఎటైనా పోగలడు. సరైన కొలత బంతి మన కుడి పాదం ముందుండడం. ఇంకో షరతు: మనం చూపించిన వైపు మనవాడు ఉండాలి. అందుకే వెనక అండగా ఉన్నవాడు, అంటే కవర్, నోరు తెరిచి చెప్పాలి. ‘కుడికి తోలు’, ‘ఆపు, నేనున్నా’, ‘ఇప్పుడు’ - ఈ మూడు మాటలు చాలు. పేరు పెట్టి పిలిచి చెబితే ఇంకా మంచిది. ‘చూడు, చూడు’ అనే అరుపు వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

స్టిక్ పని

జాబ్ మొదట నేర్చుకోవాలి, ఎందుకంటే అది తప్పినా నష్టం తక్కువ. ఎడమ చెయ్యి ఒక్కటే స్టిక్ కొసన ఉంచి, చదునైన ముఖం పైకి ఉండేలా బంతి అడుగుకు సూటిగా పొడిచి వెంటనే వెనక్కి లాగాలి. చెయ్యితో పాటు ముందున్న ఎడమ కాలు చిన్న అడుగు వేస్తుంది, కానీ బరువు మొత్తం దానిమీద పడకూడదు. పొడిచాక స్టిక్ వెనక్కి రానివాడు, భుజం ముందుకు తూలినవాడు అప్పటికే ఓడిపోయినట్టు. జాబ్ లక్ష్యం బంతి గెలవడం కాదు. ఫార్వర్డ్ తల కిందికి దించేలా చెయ్యడం, బంతిని ఒక అంగుళం ఎక్కువ దూరం తోసేలా చెయ్యడం. అందుకే ఉత్తుత్తి జాబ్ నిజం జాబ్ కన్నా ఎక్కువసార్లు వాడతాను. రెండు ఉత్తుత్తివి, మూడోది నిజం. ఎప్పుడూ అదే లెక్క అయితే వాళ్ళూ పట్టేస్తారు, మార్చుకోవాలి.

ఎప్పుడు పొడవాలి? బంతి స్టిక్‌కి అంటుకుని ఉన్నప్పుడు కాదు. పరుగెత్తే ఫార్వర్డ్ ప్రతి తాకుడుకీ బంతిని కొద్ది దూరం ముందుకు వదులుతాడు, మళ్ళీ అందుకుంటాడు. ఆ రెండింటి మధ్య బంతి ఎవరిదీ కాదు. ఎడమకీ కుడికీ ఆడించే డ్రిబుల్‌లో అలాంటి క్షణం బంతి దిశ మారే చోట వస్తుంది. జతగాడు నడక వేగంలో డ్రిబుల్ చేస్తుంటే ఆ క్షణాన ‘టక్’ అని నోటితో చెప్పడం మంచి అభ్యాసం. స్టిక్ ఎత్తనే అక్కర్లేదు. నోటికి లయ దొరికాక చేతికి అదే వస్తుంది.

బ్లాక్ ట్యాకిల్ మన ఫోర్‌హ్యాండ్ వైపు, అతను దాటబోతున్నప్పుడు. మోకాళ్ళు బాగా వంచి, స్టిక్‌ని నేలమీద పొడుగ్గా గోడలా పడుకోబెట్టాలి. ఎడమ చేతి వేళ్ళ కణుపులు దాదాపు నేలకు తాకుతాయి, గ్లవ్ లేకపోతే చర్మం లేచిపోతుంది. స్టిక్ పై అంచు కొద్దిగా ముందుకు వాలి ఉండాలి, అప్పుడు బంతి ఎగరకుండా అక్కడే చస్తుంది. ఇందులో అందరూ చేసే తప్పు తొందర. రెండు మీటర్ల దూరంలో ఉండగానే స్టిక్ పడుకోబెడితే ఈ తరం ఫార్వర్డ్‌లు బంతిని జానెడు లేపి దానిమీంచి దాటించేస్తారు. బంతి చేతికందే దూరంలోకి వచ్చేదాకా స్టిక్ తల నేల దగ్గరే తిరుగుతూ ఉండాలి, పడుకోవడం చివరి క్షణంలో. ట్యాకిల్ అయ్యాక కాళ్ళు ఆగకూడదు. బంతి చచ్చినచోట మొదటి అడుగు ఎవరిదైతే బంతి వాళ్ళది.

ఎడమవైపు కథ

లెఫ్ట్ హాఫ్ పని మైదానంలో అన్నిటికన్నా కష్టమని నా నమ్మకం. ఎదుటి రైట్ వింగర్ గీత పక్కన బంతిని తన కుడివైపు పెట్టుకుని పరుగెత్తుతాడు. మనం మైదానం లోపలివైపు ఉంటాం. బంతికీ మనకీ మధ్య అతని శరీరం. అక్కణ్ణుంచి స్టిక్ చాపితే తగిలేది అతని కాలికో స్టిక్‌కో. విజిల్ ఖాయం.

దీనికి మూడు దారులున్నాయి, ఖరీదు తక్కువైనదాన్నుంచి మొదలుపెట్టి చెబుతాను. మొదటిది, అతను బంతి అందుకుని మనవైపు తిరక్కముందే దగ్గర ఉండడం. వీపు మన గోల్ వైపు ఉన్న వింగర్ ప్రమాదం కాదు. పాస్ బయలుదేరినప్పుడే మనమూ బయలుదేరితే అతని మొదటి తాకుడు దగ్గరే పోటీ ఇవ్వొచ్చు. పాస్ చేరాక బయలుదేరితే ఆ అవకాశం పోయినట్టే.

రెండోది, తిరిగిపోయాడు కానీ సెంటర్ హాఫ్ లోపల కవర్‌గా ఉన్నాడు. అప్పుడు గీతవైపు జరిగి ఆ దారి మూసి, అతణ్ణి లోపలికి, అంటే మన ఫోర్‌హ్యాండ్ మీదికి రానివ్వాలి. కవర్ లేకుండా ఈ పని చేస్తే డీ లోకి మనమే తలుపు తెరిచినట్టు.

మూడోది, కవర్ లేదు. అప్పుడు గీత అతనికి వదిలెయ్యాలి. కుడి కాలు ముందుండేలా తిరిగి, అతనికన్నా అర అడుగు ముందే ఉంటూ, భుజానికి భుజం తగలకుండా పక్కన పరుగు. బంతి తీసుకోవాలన్న ఆశ ఇక్కడ పెట్టుకోకూడదు. బ్యాక్‌లైన్ (గోల్ ఉన్న గీత) దగ్గరపడేకొద్దీ అతనికి చోటు తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట వేగం తగ్గించి బంతిని లోపలికి కొట్టాలి. ఆ కొట్టుడుకి అడ్డంగా స్టిక్ నేలమీద పడుకోబెట్టడమే మన పని. పాదాలు స్టిక్ వెనక వరసలో ఉండకూడదు. డీ లో బంతి పాదానికి తగిలితే పెనాల్టీ కార్నర్ (బ్యాక్‌లైన్ నుంచి బంతి వదిలి గోల్‌కి కొట్టే అవకాశం), వింగర్‌కు కావలసింది చాలాసార్లు అదే.

రివర్స్ ట్యాకిల్ ఈ మూడో దారిలో, అతను ఒక్క తాకుడు పొడుగ్గా వదిలినప్పుడు. ఎడమ చెయ్యి ఒక్కటే, స్టిక్ తిప్పి చదునైన ముఖం బంతివైపు ఉండేలా, తల నుంచి పిడి దాకా నేలకు వీలైనంత దగ్గరగా. కుడి కాలు అడ్డంగా ముందుకొస్తుంది కాబట్టి చెయ్యి ఇంకో అడుగు దూరం అందుతుంది. కొట్టకూడదు, ఆనించాలి. విసిరిన స్టిక్ ఎదుటివాడి స్టిక్‌కి తగులుతుంది, ఫౌల్, కొన్నిసార్లు కార్డు. గ్రీన్‌కి రెండు నిమిషాలు, యెల్లోకి కనీసం ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి, జట్టు పది మందితో ఆడాలి. ముంజేయి బలం లేనివాళ్ళకి ఈ ట్యాకిల్ రాదు. ఎడమ చేత్తో మాత్రమే స్టిక్ పట్టుకుని నేలకు సమాంతరంగా 20 సెకన్లు ఆపడం, నాలుగుసార్లు, రోజూ ఇంట్లోనే చేసుకోవచ్చు.

దాటిపోయాక ఏం చెయ్యాలన్నది ఎవరూ నేర్పరు. ఎంత గొప్ప డిఫెండర్‌నైనా దాటతారు. బంతి వెంట పరుగెత్తితే అతని వీపే చూస్తూ ఉంటాం. పరుగు బంతివైపు కాదు, అతనికీ దగ్గరి గోల్ పోస్టుకీ మధ్యనున్న చోటుకి. ఆ గీత మీదికి చేరితే అతను మళ్ళీ మన ముందుంటాడు. వెనకనుంచి స్టిక్ చాపడం ఆఖరి ఆశ. 23 మీటర్ల గీత లోపల కావాలని చేసిన ఫౌల్‌కి డీ బయటైనా పెనాల్టీ కార్నరే ఇస్తారు.

బంతి లేని చోట

డిఫెండర్ మ్యాచ్‌లో ఎక్కువసేపు చేసే పని బంతికి దూరంగా నిలబడడం. ఇది సరిగా చేస్తే ట్యాకిల్ అవసరమే తగ్గుతుంది. సూత్రం పాతదే: మన మనిషికీ గోల్‌కీ మధ్య, బంతివైపు కాస్త జరిగి, మనిషినీ బంతినీ తల తిప్పకుండా చూడగలిగే కోణంలో. దూరం మాత్రం చోటునుబట్టి మారుతుంది. బంతి మన కుడి గీత దగ్గరుంటే మన ఎడమపక్కనున్న వింగర్‌ని అంటిపెట్టుకుని ఉండడం దండగ, 8-10 మీటర్లు వదిలి మధ్యకి రావొచ్చు. అంత దూరం పాస్ రావాలంటే మనం మళ్ళీ చేరుకునే సమయం ఉంటుంది. డీ లోపల మాత్రం చెయ్యి చాపితే అందే దూరం దాటకూడదు. అక్కడ స్టిక్ గాల్లో పెట్టుకుని తిరగడం పెద్ద జబ్బు. ఫార్వర్డ్ స్టిక్ నేలమీద ఉండి బంతి దారి మార్చడానికి సిద్ధంగా ఉంటే మనది భుజం ఎత్తులో ఉంటుంది. డీ లోకి అడుగుపెట్టగానే స్టిక్ నేలమీదికి రావాలి.

పాస్ మధ్యలో అందుకోవడానికి ఓపికే ముఖ్యం. పాస్ దారిలో ముందే నిలబడితే ఆ పాస్ ఎవరూ ఇవ్వరు. ఒకటిన్నర మీటర్లు పక్కన నిలబడి దారి ఖాళీగా ఉందని అనిపించాలి. పాస్ ఇచ్చేవాడు కళ్ళు దించి బంతిని చూసిన క్షణం, లేదా స్టిక్ వెనక్కి వెళ్ళిన క్షణం, అదే మన మొదటి అడుగు. అందుకోలేమని సగంలో తెలిస్తే అక్కడే ఆగి మళ్ళీ మనిషి వెనక్కి రావాలి. సగం వెళ్ళి సగం ఆగినవాడు మధ్యలో ఎవరికీ పనికిరాకుండా పోతాడు.

ఏరియల్ బంతుల (గాల్లో ఎత్తుగా వచ్చేవి) దగ్గర నిబంధన గుర్తుంచుకోవాలి. ఎదుటివాడు ముందే దానికింద ఒంటరిగా ఉంటే ఐదు మీటర్ల దూరం ఇవ్వాలి, బంతి అదుపులోకొచ్చి నేలకు దిగాకే దగ్గరికి పోవాలి.

జట్టుగా కుదించుకుని ఆడడం ఎలా ఉంటుందో చూడాలంటే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్‌తో మన పురుషుల జట్టు క్వార్టర్ ఫైనల్ మంచి పాఠం. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. 40 నిమిషాలకు పైగా పది మందితోనే ఆడి 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. రికార్డింగ్ దొరికితే ఒకసారి బంతిని వదిలేసి డిఫెండర్ల మధ్య ఎడం మాత్రమే చూస్తూ కూర్చోండి. గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపినవే అందరికీ గుర్తుంటాయి, అది న్యాయమే. కానీ గోలీ ఆపగలిగే షాట్లు మాత్రమే రానివ్వడం వెనక డిఫెండర్ల చాకిరీ ఉంటుంది.

బంతి దక్కాక

బంతి గెలిచిన వెంటనే దాన్ని పోగొట్టుకోవడం కన్నా గెలవకపోవడమే నయం, ఎందుకంటే అప్పటికి మనవాళ్ళు ముందుకు కదిలిపోయి ఉంటారు. మొదటి చూపు దగ్గరి గీతవైపు, రెండోది ముందుకు, అడ్డంగా చివరికి. డీ ముందు అడ్డంగా పాస్ ఇవ్వకూడదన్నది చిన్నప్పటినుంచీ వినే మాటే, అయినా పట్టికలో అది కనిపిస్తూనే ఉంటుంది. దారి దొరక్కపోతే సైడ్‌లైన్ బయటికి తోసెయ్యడంలో నామోషీ లేదు. బ్యాక్‌లైన్ సంగతి వేరు. మనకు తెలియకుండా తగిలి పోతే ఎదుటి జట్టు 23 మీటర్ల గీత మీదనుంచి మొదలుపెడుతుంది. కావాలని పంపితే పెనాల్టీ కార్నర్. ఒత్తిడిలో ఈ తేడా గుర్తుండాలంటే సాధనలో కూడా అదే లెక్క పాటించాలి.

మట్టి మైదానం, టర్ఫ్

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఎక్కువమంది ఆట మొదలుపెట్టేది మట్టి, గ్రావెల్ మైదానాల మీదే. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్నలాంటి టర్ఫ్ మ్యాచ్ రోజునే కాళ్ళకి తగులుతుంది. డిఫెండర్‌కి ఈ మార్పు ఫార్వర్డ్ కన్నా ఎక్కువ ఇబ్బంది. గ్రావెల్ మీద బంతి ఎప్పుడు ఎగురుతుందో తెలియదు కాబట్టి స్టిక్ పూర్తిగా పడుకోబెడితే పైనుంచి దూకుతుంది. అక్కడ స్టిక్‌ని సుమారు 45 డిగ్రీల వాలులో నిలిపి, వెనక శరీరాన్ని అడ్డం పెట్టుకోవడం అలవాటవుతుంది. అదే అలవాటు టర్ఫ్ మీద పనికిరాదు. తడి టర్ఫ్ మీద బంతి నేలకంటుకుని జారిపోతుంది, వాలుగా పెట్టిన స్టిక్ కవర్ చేసే వెడల్పు చాలదు. పాదాలు కూడా వేరేగా ప్రవర్తిస్తాయి. టర్ఫ్ పట్టు ఎక్కువ, మట్టి మీద జారుతూ ఆగే కాలు అక్కడ ఠక్కున ఆగి మోకాలు మెలిపడే ప్రమాదం ఉంది. చిన్న చిన్న పిరమిడ్ ముళ్ళున్న టర్ఫ్ బూట్లు కావాలి. వార్మప్‌లో మొదటి పది నిమిషాలు బంతి ముట్టుకోకుండా ఆగడం, తిరగడం మాత్రమే చెయ్యాలి. టర్ఫ్ దొరకనివాళ్ళకి బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు నేల మీద ప్లాస్టిక్ బంతితో బ్లాక్ ట్యాకిల్ సాధన కొంతవరకు పనికొస్తుంది, స్టిక్ అరిగిపోతుందన్న బాధ తప్ప. పాత స్టిక్ దానికి ఉంచుకోండి.

పెనాల్టీ కార్నర్

గోలీతో కలిపి ఐదుగురు బ్యాక్‌లైన్ వెనక, మిగతావాళ్ళు సెంటర్ లైన్ అవతల. ఇంజెక్టర్ (బ్యాక్‌లైన్ మీదనుంచి బంతి ఇచ్చేవాడు) బంతి వదిలినప్పటినుంచి ఫ్లిక్ వెలువడేదాకా రెండు సెకన్ల లోపే. మంచి డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో లాగి విసిరే షాట్) వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. మాస్క్, మోకాలి ప్యాడ్లు, గ్లవ్, అబ్డామినల్ గార్డు లేకుండా సాధనలో కూడా పరుగెత్తకూడదు. దీనిలో మినహాయింపు లేదు.

మొదటి రషర్, అంటే షాట్ కొట్టేవాడి మీదికి ముందుగా పరుగెత్తేవాడి పని ధైర్యం చూపించడమనుకుంటారు. అది దారి లెక్క. ఎటువైపు పరుగెత్తాలో గోలీతో ముందే ఒప్పందం ఉండాలి: ఈ సగం నాది, ఆ సగం నీది. రషర్ తన సగం మూస్తూ, గోలీ చూపుకు అడ్డం రాకుండా, ఒంగి, స్టిక్ నేలకు ఆనించి వెళ్ళాలి. మొదటి మూడు అడుగులు పూర్తి బలంతో. చివరి రెండు మీటర్లలో కాస్త తగ్గి స్టిక్ ముందుకు చాపాలి, లేకపోతే ఫ్లిక్కర్ పక్కకి తోసిన బంతికి మనం దాటిపోయి ఉంటాం. షాట్‌కు ఐదు మీటర్ల లోపల ఉండగా మోకాలి కింద తగిలితే మళ్ళీ కార్నర్. మామూలు భంగిమలో ఉండగా మోకాలికో ఆపైనో తగిలితే షాట్ ప్రమాదకరమని మనకు ఫ్రీ హిట్. బంతి ఆడే ప్రయత్నం లేకుండా శరీరాన్ని అడ్డం పెట్టేస్తే మాత్రం తప్పు మనదవుతుంది. ముందే గీత దాటినవాడు సెంటర్ లైన్ అవతలికి పోవాలి, అతని బదులు ఇంకొకరు రారు. అందుకే చూపు ఇంజెక్టర్ చేతుల మీద కాదు, బంతి మీద. చేతులు మోసం చేస్తాయి.

పోస్టు దగ్గరివాడు గోల్ లైన్ మీద కాకుండా అర అడుగు ముందు నిలబడితే స్టిక్‌కి తగిలిన బంతి లోపలికి జారదు. స్టిక్ నేలమీద, పోస్టుకీ తన పాదానికీ మధ్య సందు లేకుండా. మిగిలిన ఇద్దరిలో ఒకరు రషర్ వెనకాలే రెండో ఎత్తుగడ కోసం, అంటే ఇంజెక్టర్ ఇచ్చిన బంతిని ఆపే స్టాపర్ పక్కకిచ్చే పాస్ కోసం వెళ్తాడు. ఇంకొకరు ఇంజెక్టర్‌ని చూసుకుంటాడు. గోల్ ముందుకొచ్చి బంతి దారి మార్చేది ఎక్కువగా ఆ ఇంజెక్టరే, అతణ్ణి అందరూ మరిచిపోతారు.

మేం దీన్ని మూడు మెట్లుగా చేశాం. మొదట బంతి లేకుండా నడక వేగంలో ఎవరి దారి వాళ్ళు. తరవాత టెన్నిస్ బంతితో, నిజం వేగంలో. ఆఖరికి హాకీ బంతితో, కానీ ఫ్లిక్ నేలబారుగా మాత్రమే. పూర్తి వేగం ఫ్లిక్‌లు వారంలో ఒక్క సెషన్, పది పన్నెండు కార్నర్లు మించకుండా. అలసిన రషర్ తల పైకెత్తుతాడు, దెబ్బలు తగిలేది అప్పుడే.

గోలీ ఆపిన తరవాతే సగం గోల్స్‌కి బీజం పడుతుంది. తిరిగొచ్చిన బంతి ఎవరిదో ముందే పంచుకోవాలి: గోలీకి ఏ పక్క పడితే ఆ పక్క దగ్గరున్నవాడు, ముందు పడితే గోలీ కాలితోనే తంతాడు. బంతి దక్కినవాడు దగ్గరి సైడ్‌లైన్ వైపే కొట్టాలి. తనే బంతితో బయటికి పరుగెత్తితే 23 మీటర్ల గీత దాటకముందే మాస్క్ తీసి వదిలెయ్యాలి, దాటాక మాస్క్‌తో ఆడితే అంపైర్ విజిల్ ఊది బంతి వాళ్ళకిచ్చేస్తాడు.